రోజూ ఒక్క షేరు కొనే మనిషి

మా అక్క బాన్సువాడలో తనకున్న ఒక్క ప్లాటూ అమ్మేసి, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చూడమని నన్ను అడిగింది. యాసంగి కోతలు జోరుగా సాగుతున్న రోజులవి. కోటగిరి వైపు నుంచి వడ్ల ట్రాక్టర్లు ఆమె ఇంటి ముందు సందులోంచే మిల్లులకు పోయేవి. మేం మాట్లాడుకుంటూ ప్రతి ట్రాక్టరుకూ ఆగి, అది దాటాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

బావ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన ఒక బియ్యం మిల్లులో పనిచేసినంత కాలం లెక్కలు రాశాడు. ప్రైవేటు కొలువు కనుక పింఛను లేదు. వాళ్లకు పిల్లలు లేరు. ముందు గది ఒక టైలరుకు కిరాయికి ఇచ్చారు. ఆ కిరాయి కూరగాయలకూ కరెంటు బిల్లుకూ సరిపోతుంది. మందులకు, దవాఖానకు, ఇక ముందున్న బతుకంతటికీ ఆ ప్లాటు డబ్బే ఆధారం. అది పోతే ఆమె నన్ను అడగాలి. నన్ను అడగడం కంటే పస్తుండడం ఆమెకు సులువు.

ఎక్కడ పెట్టాలో చూడమన్నది గానీ, ఆమె అప్పటికే ఒకటి అనుకుని ఉంది.

“మీ బావ కొన్న షేరే కొను, తమ్మీ. నువ్వు ఒక్కసారి సూసి సరే అను, సాలు.”

ఆ కంపెనీ తూకపు యంత్రాలు చేస్తుంది. బావ పనిచేసిన మిల్లులో ధర్మకాంటా దానిదే. వడ్ల లారీ కాంటా ఎక్కినప్పుడల్లా ఇనుప పలక మీది కంపెనీ పేరు ఆయన కళ్ల ముందే ఉండేది. రైతులు, సేట్లు, డ్రైవర్లు తేమ మీద కొట్లాడేవాళ్లు, తాలు మీద కొట్లాడేవాళ్లు, హమాలీ మీద కొట్లాడేవాళ్లు. కాంటా చూపిన అంకె మీద మాత్రం ఎవరూ నోరెత్తేవాళ్లు కాదట. ఆ నమ్మకంతో బావ కొలువు మానుకున్నాక షేర్ల ఖాతా తెరిచి, మరే కంపెనీ జోలికీ పోకుండా ఆ ఒక్కటే కొంటూ వచ్చాడు. కాంటా సరిగ్గా తూచింది కనుక కంపెనీ కూడా సరైనదే అనుకోవడం మిల్లులో బతికిన మనిషికి సహజం. నాకూ అది తప్పుగా తోచలేదు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కాలువల్లో నీటి మట్టం చూపే గేజీ రీడింగులు రోజూ నా టేబుల్ మీదికి వచ్చేవి. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. ఏ పనినైనా ప్రశ్నలుగా విడదీసుకుని, రోజుకొకటి తేల్చుకుని, సాయంత్రం రాసుకోవడం నా పద్ధతి. అక్క డబ్బు విషయంలోనూ అలాగే కూర్చున్నాను.

మొదటి ప్రశ్నలన్నింటికీ మంచి జవాబులే వచ్చాయి. కంపెనీ ఏటా డివిడెండు ఇస్తోంది; నేను వెతికినంత వెనక్కి ఒక్క ఏడూ తప్పలేదు. షేరు ధరతో పోలిస్తే ఆ డివిడెండు పోస్టాఫీసు వడ్డీకి కాస్త తక్కువగా ఉంది. కానీ పోస్టాఫీసులో అసలు పెరగదు, ఇక్కడ పెరగవచ్చు. లాభంలో సగం కూడా పంచడం లేదు కనుక ఒక ఏడు వ్యాపారం మందగించినా డివిడెండు ఆగదు. అప్పు లేదు. పంచిన సొమ్ము నిజంగా యంత్రాలు అమ్మగా వచ్చిందేనా, లేక ఏదైనా స్థలం అమ్మి ఇచ్చారా అని నగదు లెక్క కూడా చూశాను. యంత్రాలదే. ఇక ధర చూపించే గీత ఏడాదికి పైగా నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా పైకి పోతోంది. షేరు వెల మా బస్టాండు హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీ అంత.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఈ షేరును రోజుకు ఎంతమంది కొంటున్నారు, ఎంతమంది అమ్ముతున్నారు?

ఫోనులో ఏ షేరు తెరిచినా కొనేవాళ్ల వరసలు ఎడమవైపు, అమ్మేవాళ్ల వరసలు కుడివైపు కనిపిస్తాయి. పెద్ద కంపెనీలకు ఆ అంకెలు కాలువ గేటు దగ్గర నీళ్లలా సుడులు తిరుగుతుంటాయి. దీనికి కుడివైపు ఒకే ఒక్క వరస ఉంది. ఒక్కడు అమ్ముతానంటున్నాడు, అదీ కొద్ది షేర్లే. ఎడమవైపు పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీని చూస్తుంటే, తలుపు తెరిచి ఉన్నా మనుషుల అలికిడి లేని ఇంటి గడపలో నిలబడ్డట్టు అనిపించింది.

అయినా రోజూ పొద్దున, షేర్ల బజారు తెరిచిన కాసేపటికి, ఒక్క షేరు చేతులు మారేది. ఒక్కటే. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏమీ లేదు. పాత రోజులు తిరగేశాను. అప్పుడూ అంతే. ఒక్క షేరు, ఒక్క షేరు, ఎప్పుడో ఒకసారి మూడో నాలుగో, మళ్లీ ఒక్క షేరు.

ఎవరో ఒకడు రోజూ పొద్దున్నే వచ్చి, బేరమాడకుండా, అవతలివాడు అడిగిన ధర ఇచ్చి, ఒక్కటి తీసుకుని పోతున్నాడు.

బస్టాండు దగ్గర బీమా పాలసీలు, షేర్ల ఖాతాలు చూసే ఏజెంటు ఒకాయన ఉన్నాడు. బావకూ నాకూ ఖాతాలు తెరిచింది ఆయనే. ఆయన్ని అడిగితే నవ్వాడు.

“గా షేరా సార్? కొనుడు అల్కనే. అమ్మాలంటే మల్ల మీ మనుమడు పెద్దగై రావాలె.”

రోజూ ఒకడు కొంటున్నాడు కదా అన్నాను. ఆయన తన ఫోనులో చూసి, నిజమేనని, ఆ కొనేవాడెవడో లోపలి సంగతి తెలిసినవాడై ఉంటాడని, తెలియనివాడు అంత క్రమం తప్పకుండా ఎందుకు కొంటాడని అన్నాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఓపికగల మనిషి ఎవరో కంపెనీ విలువ తెలిసి కొద్దికొద్దిగా పోగుచేస్తున్నాడు. అలాంటివాడు వెనక ఉంటే అక్క డబ్బుకు తోడున్నట్టే. ఆ సంగతి చెబితే అక్క ముఖం వెలిగింది. మీ బావ లెక్కనే ఇంకొకడు ఉన్నడన్నమాట, అంది.

అయినా ఒకసారి నీటి లోతు చూడాలనుకున్నాను. ఒక మధ్యాహ్నం, అమ్మేవాడు అడిగిన ధరకు కొంచెం తక్కువగా, పది షేర్లు కొంటానని నా ఖాతాలోంచి పెట్టాను. ఎడమవైపు ఖాళీలో నా వరస కనబడింది. అంతలోనే కుడివైపు వరస మాయమైంది. ధర పెంచలేదు, తగ్గించలేదు, వెళ్లిపోయాడు. తెర మీద నా పది షేర్లు మాత్రం మిగిలాయి. చీకటి గదిలో దగ్గితే అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. సాయంత్రం దాకా చూసి నా వరస తీసేశాను. మర్నాడు పొద్దున అమ్మేవాడు మళ్లీ పాత చోటే ఉన్నాడు. కొనేవాడు వచ్చి ఒక్కటి కొన్నాడు. వాళ్లిద్దరి మధ్య ఏదో ఒప్పందం ఉన్నట్టు, నేను ఊరికే అడ్డం వచ్చినట్టు ఉంది.

ఆ వారమంతా డైరీలో ఆఖరి ప్రశ్న కింద ఖాళీగానే ఉంది. అంకెలు అన్నీ కొనమనే చెబుతున్నాయి. సరే అనే మాట మాత్రం నోటిదాకా రావడం లేదు. అక్క రెండుసార్లు కబురు పెట్టింది. చివరికి ఒక పొద్దున ఫోను తీసుకుని ఆమె ఇంటికే వెళ్లాను. రోజూ కొనే మనిషిని ఆమె కళ్లతో చూపించి, నా మనసులోని బెరుకు కూడా చెబుదామని.

అక్క పొయ్యి మీద చాయ పెట్టి, గోడ అర కింద పీట మీద కూర్చుంది. ఆ అర మీద బావ ఫోటో, దాని పక్కన ఆయన ఫోను, చార్జింగు వైరుతో సహా. ఆ నంబరు ఇంకొకరికి పోవడం ఇష్టంలేక ఆమె దానికి రీచార్జి చేయిస్తూ వచ్చింది. ఎవరికైనా ఫోటో ముందు దీపం ఆరకుండా చూసుకోవడం అలవాటు. ఆమె ఫోను ఆరిపోకుండా చూసుకునేది.

నేను నా ఫోను తెరిచి ఆమెకు చూపించాను. కుడివైపు ఒక్క వరస. ఎడమవైపు ఖాళీ. ఇప్పుడు వస్తాడు చూడు, అన్నాను. ఇద్దరం తెర మీదికి వంగాం. చాయ పొంగే వాసన వస్తోంది. తెర మీద అంకె కదిలింది. ఒక్క షేరు.

సరిగ్గా అప్పుడే అర మీది ఫోను టింగుమంది.

అక్క తల కూడా ఎత్తలేదు. “లేచిండు,” అంది, చాయ గిన్నె వైపు చూస్తూ.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరు అని అడిగాను.

“మీ బావ. రోజు గిదే యాళ్లకు మోగుతది. ఏదో కంపెనోళ్ల మెసేజ్ అయ్యుంటది, ఇంగ్లీషుల ఉంటది, నాకేం తెలుస్తది? లేచిండు అనుకుంట, చాయ పెడ్త. శనివారం, ఐతారం మోగదు. పండుగలకు సుత మోగదు.”

శనివారం, ఆదివారం, పండుగలు. బజారుకు సెలవులు. నేను లేచి, ఆమె వద్దనకముందే, అర మీది ఫోను తీసుకున్నాను. తెర మీద రెండు ముక్కలు ఉన్నాయి. కొనుగోలు పూర్తయింది. ఒక్క షేరు. దాని కింద నిన్నటిది. దాని కింద మొన్నటిది. వేలితో జరుపుతూ పోతే అడుగు దొరకలేదు.

ఆ కొనే మనిషి బావ.

అక్క చాయ గ్లాసు ముందు పెట్టి, ఏందని అడిగింది. రెండు ఫోన్లూ ఆమె ముందు పక్కపక్కన పెట్టాను. ఏజెంటుకు ఫోను చేస్తే మొదట నమ్మలేదు, తర్వాత ఆయన గొంతు తగ్గింది. రోజూ ఒక్క షేరు తనంతట అదే కొనేలా ఖాతాలో చెప్పిపెట్టమని బావే అడిగాడట, తనే పెట్టి ఇచ్చి మరిచిపోయాడట. డబ్బు బావ, అక్క ఇద్దరి పేర్ల మీద ఉన్న బ్యాంకు ఖాతాలోంచి పోతుంది. బావ మిల్లు నుంచి వచ్చిన ఆఖరు సొమ్ము అందులోనే ఉంది, డివిడెండు అందులోకే వస్తుంది. అక్క దాన్ని ముట్టుకోలేదు. సంవత్సరీకం అయ్యేదాకా పోయినవాళ్ల కాగితాలు కదిలించకూడదని మా ఇళ్లలో పట్టింపు. ఆ తర్వాత కూడా చూద్దాంలే అంటూ నేనే జరుపుతూ వచ్చాను. బ్యాంకుకు ఎవరూ చెప్పలేదు. షేర్ల ఖాతాకు ఎవరూ చెప్పలేదు. కనుక బావ కొంటూనే ఉన్నాడు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక కాలువ గేజీ రోజూ ఒకే తీరుగా వస్తే నేను వెంటనే అనుమానించేవాణ్ణి. నీళ్లు అంత బుద్ధిగా ఉండవు. అంకె అంత నిలకడగా ఉందంటే అక్కడ మనిషి లేడని అర్థం, ఇంట్లో కూర్చుని రాస్తున్నాడని అర్థం. అది తెలిసిన నేను ఇక్కడ నిలకడను చూసి ధైర్యం తెచ్చుకున్నాను. ఆ మెల్లగా పైకి పోయే గీత కూడా ఇప్పుడు వేరేగా కనబడింది. ఎంత అడిగినా బేరమాడని మనిషి ఒకడు రోజూ వస్తున్నాడని అమ్మేవాడు కనిపెట్టాడు. కొద్దికొద్దిగా ధర పెంచుతూ పోయాడు. బావ ఇస్తూ పోయాడు. ఏడాదిగా నేను కంపెనీ ఎదుగుదల అనుకున్నది అదే.

నేను ఇదంతా చెబుతుంటే అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“అయితే ఇంతకాలం ఆయన కొంటుండు. మరి అమ్మేటోడు ఎవరు?”

తెలియదన్నాను. అది ఎవరికీ తెలియదని, ఫోనులో పేర్లు ఉండవని చెప్పాను.

“ఆయన సుత బతికే ఉన్నడా?”

సందులో వడ్ల ట్రాక్టరు పోతోంది. అది పోయేదాకా ఆగాను. ఆ అమ్మేవాడి తీరు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. పొద్దున్నే రావడం, ఎవరూ కొనేవాళ్లు లేనప్పుడు కూడా ఒంటరిగా నిలబడడం, కొత్తవాడి అలికిడికి మాయమవడం. బతికున్న మనిషైతే నా పది షేర్లకు బేరమైనా ఆడేవాడేమో. ఆ కుడివైపు వరసను నేను ఆ తర్వాత ఎప్పుడూ మామూలుగా చూడలేకపోయాను.

అప్పుడు నా అభిప్రాయం చెప్పాను. కంపెనీలో లోపం లేదు. డివిడెండు రావచ్చు. కానీ ఈ ధరను నమ్మడానికి లేదు. ఇద్దరే ఉన్న బజారులో ఒకడు పోయిన మనిషి, రెండోవాడు ఎవడో తెలియదు. ప్లాటు డబ్బంతా దీంట్లో పెట్టాలంటే నెలల తరబడి ఆమే ధరను పైకి తోసుకుంటూ పోవాలి. రేపు దవాఖానలో పడి డబ్బు కావాలంటే కొనేవాడు ఉండడు. బావ షేర్లు ఎలాగూ ఆమెకే వస్తాయి, వాటి మీద వచ్చే డివిడెండు తీసుకుంటే చాలు. ప్లాటు డబ్బు పోస్టాఫీసులో వేద్దాం.

ఆమె బావ ఫోను అందుకుని మళ్లీ అర మీద పెట్టింది. తర్వాత ఒక్కటే అడిగింది.

“ఆయన కొనుడు ఆపాల్నా?”

ఆపాలన్నాను. ఖాతాలో డబ్బు ఎలాగూ అయిపోవస్తోంది. అదీగాక, మనిషి పోయాడని చెప్పకుండా ఉండడం చట్టప్రకారం కూడా తప్పు. ఆ పని తనే చేస్తానంది. మర్నాడు మరణ ధ్రువపత్రం పట్టుకుని, ఏజెంటుకు ఒక నకలు ఇచ్చి, నాతో బ్యాంకుకు వచ్చింది. కౌంటరులోని అమ్మాయి ఎప్పుడు పోయారని అడిగితే, బావ పోయిన తేదీ చెప్పి, కొంచెం ఆగి, “కొనుడు ఇయ్యాల బందయితది,” అంది. ఆ అమ్మాయి అయోమయంగా నా వైపు చూసింది. నేను కాగితాలు ముందుకు జరిపాను.

ఆ మర్నాడు పోస్టాఫీసుకు పోవాల్సి ఉంది. పొద్దున్నే రమ్మంది అక్క. వెళ్లేసరికి చీర మార్చుకుని, పాసుబుక్కు, ఆధారు కార్డు సంచిలో పెట్టుకుని, అదే పీట మీద కూర్చుని ఉంది. ఒక్కసారి చూద్దామంది. వద్దనడానికి నాకు మనసొప్పలేదు. ఫోను తెరిచాను.

కుడివైపు ఒక్క వరస. ఎడమవైపు ఖాళీ.

బజారు తెరిచారు. ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. అర మీది ఫోను మోగలేదు. తెర మీద ఏమీ కదలలేదు. మిషను చప్పుడు ఆపి టైలరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఆ మాటలు గోడలోంచి లీలగా వినబడుతున్నాయి.

అప్పుడు అమ్మేవాడి ధర కొంచెం తగ్గింది.

కాసేపాగి ఇంకొంచెం తగ్గింది. మళ్లీ ఆగింది. మళ్లీ తగ్గింది. ఏడాదికి పైగా పైకి తప్ప కిందికి చూడనివాడు ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. రోజూ వచ్చే మనిషి రాలేదని ఇల్లిల్లూ తిరిగి ఆరా తీస్తున్నట్టు ఉంది.

“తగ్గిస్తుండా?” అంది అక్క.

తగ్గిస్తున్నాడన్నాను.

“ఇప్పుడు కొంటే అగ్గువ గదా?”

దాచలేకపోయాను. లెక్క వేసి చెప్పాను. ఈ ధరకు కొంటే డివిడెండు పోస్టాఫీసు వడ్డీని దాటుతుంది. కాగితం మీద చూస్తే, నేను వారాలుగా వెతికిన మంచి ధర ఇదే. నా బొటనవేలు తెర మీదే ఉంది. అక్క నా వేలి వైపు చూసింది, తన ఒడిలోని సంచి వైపు చూసింది.

“రేపు నేను అమ్ముదామంటే గీ ఎడమ దిక్కు ఎవరన్న ఉంటరా?”

“ఉండరు, అక్కా.”

“అయితే పద.”

లేచి చెప్పులు వేసుకుంది. సందు చివర షేర్ ఆటో దొరికింది. రోడ్డు సగం మేర ఆరబోసిన వడ్లు, పక్కనుంచి ఆటో మెల్లగా పోతోంది. నా చేతిలో ఫోను అలాగే ఉంది. ఆపుకోలేక ఇంకోసారి చూశాను. ఇంకా తగ్గించాడు. ఇప్పుడు ఒకటీ రెండూ కాదు, తన దగ్గరున్నవన్నీ పెట్టినట్టున్నాడు. ఆ వరసలో అంకె ఒక్కసారిగా వేలల్లోకి పోయింది.

అక్క నా మోచేయి పట్టుకుంది. పక్కనున్నవాళ్లకు వినబడకుండా, చిన్నప్పుడు చీకటి పడ్డాక పెరట్లోకి పోతున్న నన్ను ఆపినట్టే అంది:

“ఇగ సూడకు, తమ్మీ. సూస్తే మనం ఉన్నమని తెలుస్తది.”

నేను ఫోను ఆపి జేబులో వేసుకున్నాను. పోస్టాఫీసు దాకా ఆమె నా మోచేయి వదలలేదు.